చిట్టెలుక ఆలస్యంగా ఎగిరితే

రాయ్‌పూర్ ఫార్మసీ కాలేజీల్లో చదువుకుంటూనో పాఠాలు చెబుతూనో మనవాళ్లు కొందరు ఎప్పుడూ ఉంటారు. విజయనగరం రైలు లైను, భిలాయి స్టీల్ ప్లాంటు కాలం నాటి చుట్టరికాలు ఇక్కడికి దారి ఎప్పుడో వేశాయి. వచ్చినవాళ్లకు ప్రాజెక్టు దొరకడం కష్టం కాదు. రాష్ట్రంలో నలభై శాతానికి పైగా అడవి. ఊళ్లో నాటువైద్యం చేసే ఏ బైగానో గునియానో అడిగినా నాలుగు మొక్కలు చూపిస్తాడు, వాటిలో ఒకదానికైనా ‘ఒంటికి హుషారు, నొప్పులకు మందు’ అనే పేరుంటుంది. గైడ్ గారు ‘సీఎన్‌ఎస్ స్టిమ్యులెంట్ అండ్ అనాల్జెసిక్ యాక్టివిటీ’ అని టైటిల్ ఖాయం చేస్తారు. ఆ తర్వాత మీకు మిగిలేవి తక్కువ టైము, తక్కువ డబ్బు, పాజిటివ్ రిజల్ట్ రావాలనే ఒత్తిడి.

చిక్కు ఆ టైటిల్‌లోనే ఉంది. నొప్పి తగ్గిందా అని ఎలుకను అడగలేం. అది ఎప్పుడు కాలు నాకింది, ఎప్పుడు ఎగిరింది, ఎన్నిసార్లు పొట్ట మెలిపెట్టుకుంది, ఇవే లెక్కపెడతాం. నొప్పి పేరుతో మనం కొలిచేది కదలికను. స్టిమ్యులెంట్ ఎఫెక్ట్ పేరుతో కొలిచేదీ కదలికనే. మొక్క కదలికను ఎటు మార్చినా నొప్పి అంకె దానంతటదే మారిపోతుంది. డిజైన్‌లో దీన్ని ముందే చూసుకోని థీసిస్, వైవాలో చదివిన ఎగ్జామినర్ ఎదురైతే నిలబడదు.

ఒక కేసు తీసుకుందాం. థాయ్‌లాండ్, మలేసియాల్లో పొలం కూలీలు క్రాటమ్ ఆకు నములుతూ ఎండలో పనిచేస్తారు. కొద్దిగా నమిలితే హుషారు, ఎక్కువైతే నల్లమందు తరహా మత్తు, నొప్పి తెలియకపోవడం. మొక్క మిట్రాగైనా స్పెసియోసా, ముఖ్యమైన ఆల్కలాయిడ్ మిట్రాగైనిన్. థాయ్‌లాండ్ 1943లో దాన్ని నిషేధించి, 2021లో మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది. ఇది చదివిన కుర్రాడికి వెంటనే తట్టేదొకటుంది: అదే ప్రజాతికి చెందిన మిట్రాగైనా పార్విఫోలియా మన చుట్టూ ఉన్న అడవుల్లోనే ఉంది, ఇక్కడ ముండి అంటారు, మనవైపు నీరుకడిమి అంటారు, దీని మీద చేద్దాం!

ఆలోచన చెడ్డది కాదు. కానీ ప్రజాతి ఒకటైనంత మాత్రాన రసాయనాలు ఒకటి కావు. పార్విఫోలియాలో చెప్పుకునేవి మిట్రాఫిలిన్, రింకోఫిలిన్ వంటి ఆక్సిండోల్ ఆల్కలాయిడ్లు. క్రాటమ్ చేసే పని ఇదీ చేస్తుందని సినాప్సిస్‌లో రాస్తే, అందులో మిట్రాగైనిన్ ఉందని మీరే చూపించాల్సి వస్తుంది. ‘దగ్గరి చుట్టంలో ఈ గుణం ఉంది కాబట్టి పరీక్షిస్తున్నాం, ఇందులోని ఆల్కలాయిడ్లు వేరు’ అని రాసుకోండి. అంతకు మించి మాటిస్తే తర్వాత నిలబెట్టుకోలేరు.

మొక్క పేరు దగ్గర ఇంకో గోతి ఉంది. రాయ్‌పూర్ జడీబూటీ దుకాణానికి వెళ్లి ముండి అడిగితే మీ చేతికి చెట్టు బెరడు రాకపోవచ్చు. వరి కోసిన మళ్లలో చలికాలం మొలిచే, ఊదారంగు గుండ్రటి పూలుండే చిన్న మొక్క రావచ్చు. అది గోరఖ్‌ముండి, మన బోడసరం, స్ఫీరాంథస్ ఇండికస్, పొద్దుతిరుగుడు కుటుంబం. మీకు కావలసింది కాఫీ కుటుంబపు చెట్టు. అడవిలోకి వెళ్లినా కదంబం పేరుతో మూడు చెట్లు ఎదురవుతాయి: అసలు కదంబం, హృదయాకారపు ఆకుల హల్దూ, ఈ ముండి. మూడింటికీ పూలు బంతుల్లాగే ఉంటాయి. మాల్‌కంగ్నీ తీసుకున్నా తప్పించుకోలేరు. దాని సంస్కృత పేరు జ్యోతిష్మతి అంటే మనకు సెలాస్ట్రస్ పానిక్యులాటస్, బెంగాల్లో అదే పేరుతో బుడ్డకాకర తీగను వాడతారు.

కాబట్టి పూతతోనో కాయతోనో ఉన్న కొమ్మను మీరే కోసి, హెర్బేరియం షీటు చేయించి, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రంలోనో యూనివర్సిటీ బోటనీ విభాగంలోనో గుర్తింపు తీసుకుని, వౌచర్ నంబరు వేయించుకోండి. కాలేజీలో పక్క గది లెక్చరర్ సంతకంతో సరిపెట్టుకునేవాళ్లున్నారు. రివ్యూయర్ వౌచర్ నంబరూ, షీటు ఎక్కడుందో కూడా అడిగిన రోజున ఆ సంతకం పనికి రాదు. రిజర్వ్ ఫారెస్టులో కోయాలంటే అటవీ శాఖ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. రేంజ్ ఆఫీసులో తెలిసినవారున్నారు కదా అని మానేయకండి, ఆయన బదిలీ అయిపోతారు.

పొడి మాత్రం దుకాణంలో కొనకండి. నొప్పుల మందుగా అమ్మే నాటు పొడుల్లో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ కలిపినవి మన దేశంలో పదేపదే పట్టుబడ్డాయి. అలాంటి పొడితో చేస్తే రిజల్ట్ అద్భుతంగా వస్తుంది, కానీ అది మొక్క చేసిన పని కాదు. ఆకు మీరే కోసి, నీడలో ఆరబెట్టి, ప్రాజెక్టు మొత్తానికి సరిపడా ఒకే బ్యాచ్‌గా ఎక్స్‌ట్రాక్ట్ తీసి పెట్టుకోండి. మార్చిలో కోసిన ఆకుతో టాక్సిసిటీ, ఆగస్టులో కోసిన ఆకుతో హాట్ ప్లేట్ చేస్తే అవి రెండు వేర్వేరు మందుల మీద చేసిన పరీక్షలే. వానలు మొదలయ్యాక ఆరబెట్టిన ఆకుకు బూజు పట్టే సంగతి కూడా లెక్కలో ఉంచుకోండి.

ఇక కాగితాలు. జంతువుల మీద ప్రయోగాలకు 1960 జంతు హింస నివారణ చట్టం కింద కమిటీ ఉంది. సీపీసీఎస్‌ఈఏ అని అలవాటైన పేరు, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ. చిట్టెలుకలు, ఎలుకల స్థాయి ప్రాజెక్టులకు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి చాలు, కానీ అది పని మొదలుకాక ముందే రావాలి. కమిటీ మీటింగు మీ సౌకర్యం కోసం జరగదు. అనుమతి తేదీ ఒకటి, నోటుబుక్కులో మొదటి ప్రయోగం తేదీ దానికి ముందుదీ అయితే ఆ డేటా మొత్తం చెల్లదు. జంతువులు రిజిస్టర్డ్ బ్రీడర్ దగ్గరివే కావాలి. హైదరాబాద్ నుంచి తెప్పిస్తే ప్రయాణం తర్వాత కనీసం వారం రోజులు వదిలేయండి.

చాలామంది చూసుకోనిది స్టాండర్డ్ డ్రగ్ విషయం. ప్రొటోకాల్‌లో ‘మార్ఫిన్’, ‘పెంటజోసిన్’, ‘యాంఫెటమిన్’ అని పాత పేపర్లలోంచి కాపీ చేస్తారు. ఇవన్నీ 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు వస్తాయి. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ కూడా వస్తుంది. తెలిసిన మెడికల్ షాపులో చీటీ లేకుండా పది ఆంపూల్స్ తెచ్చుకుని వాడితే అది కేవలం ప్రొటోకాల్ ఉల్లంఘన కాదు, పోలీసు కేసు అవగలిగిన విషయం. మీ కాలేజీకి అనుమతి, స్టాక్ రిజిస్టరు ఉన్నాయో లేదో ముందే అడగండి. లేకపోతే స్టిమ్యులెంట్ వైపు కెఫీన్, నొప్పి వైపు డైక్లోఫెనాక్ లేదా యాస్పిరిన్ పెట్టుకోండి. అయితే డైక్లోఫెనాక్ హాట్ ప్లేట్ మీద గట్టిగా పనిచేయదు కాబట్టి సెంట్రల్ అనాల్జెసిక్ అని తేల్చాలంటే ఓపియాయిడ్ కావాలి. దానికి అనుమతులున్న మెడికల్ కాలేజీ ఫార్మకాలజీ విభాగంతో కలిసి చేయండి. రాయ్‌పూర్‌లో 2012 నుంచి ఎయిమ్స్ ఉంది, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. గైడ్ స్థాయిలో ఒక ఉత్తరం రాయించుకోవడం మీ పని.

అసలు ప్రయోగాలకు వద్దాం. అలవాటైన క్రమం ఏమిటంటే ముందు హాట్ ప్లేట్, టెయిల్ ఫ్లిక్, ఎసిటిక్ యాసిడ్ రైథింగ్, తర్వాత టైముంటే యాక్టోఫోటోమీటర్, రోటారాడ్. దీన్ని తిరగేయండి. కదలిక పరీక్షలు ముందు. నొప్పి పరీక్షల్లో వాడబోయే డోసులే, మందిచ్చాక అదే వ్యవధికే చేయాలి. 60 నిమిషాలకు హాట్ ప్లేట్ చేయబోతుంటే రోటారాడ్ కూడా 60 నిమిషాలకే.

ఎందుకో చెబుతాను. హాట్ ప్లేట్ 55 డిగ్రీలు, కటాఫ్ 15 సెకన్లు అనుకుందాం. కంట్రోల్ గ్రూపు సగటున 5 సెకన్లకు కాలు నాకింది, 400 మిల్లీగ్రాముల గ్రూపు 9 సెకన్లకు. పి విలువ బాగుంది, ‘సిగ్నిఫికెంట్ అనాల్జెసిక్ యాక్టివిటీ’ అని రాసేశారు. అదే డోసులో రోటారాడ్ పెడితే సగం ఎలుకలు నిమిషం తిరగకుండా పడిపోయాయి. అప్పుడు 9 సెకన్లు నొప్పి తగ్గినందుకా, కాలు ఎత్తలేనందుకా? జవాబు లేదు. ఆ గ్రూపు మొత్తం వృథా.

స్టిమ్యులెంట్ వైపు పొరపాట్లు ఇంకా మెలికగా ఉంటాయి. హుషారైన చిట్టెలుక ప్లేటు మీద గంతులేస్తే టైము తగ్గి, నిజంగా ఉన్న నొప్పి నివారణ కూడా కనబడకుండా పోవచ్చు. రైథింగ్‌లో అది గూడంతా తిరుగుతూ పొట్ట మెలిపెట్టుకోవడం తగ్గిస్తే లేని గుణం ఉన్నట్టు కనబడవచ్చు. టెయిల్ ఫ్లిక్ చూడటానికి రిఫ్లెక్స్ కాబట్టి సురక్షితం అనిపిస్తుంది, కానీ ఆ టైము తోక చర్మం వేడి మీద ఆధారపడుతుంది. యాంఫెటమిన్ తరహా పదార్థం తోకలో రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తే తోక చల్లబడి, లాగడం ఆలస్యమవుతుంది. మందు నొప్పిని ముట్టుకోనే లేదు.

రాయ్‌పూర్‌లో ఉన్నవాళ్లకు ఇది పుస్తకాల్లోని మాట కాదు. మే నెలలో బయట 45 డిగ్రీలు, కరెంటు పోయి యానిమల్ హౌస్ ఏసీ ఆగితే గది 22 నుంచి 32కు పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఉదయం కంట్రోల్ గ్రూపు చేసి, మధ్యాహ్నం టెస్టు గ్రూపు చేస్తే మీరు పోల్చింది మందునో, వాతావరణాన్నో చెప్పలేరు. కాబట్టి ప్రతి సెషన్‌లో అన్ని గ్రూపుల నుంచీ ఒక్కో జంతువు ఉండాలి, గది వేడి ప్రతి గంటకూ నోటుబుక్కులో పడాలి. వీలైతే తోక వేడి కూడా చిన్న థర్మోకపుల్‌తో కొలవండి. నొప్పి పరీక్షలు నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకుని వేసవికి రసాయన పని ఉంచుకున్నవాళ్లు తెలివైనవాళ్లు.

యాక్టోఫోటోమీటర్ మీద గుడ్డి నమ్మకం వద్దు. అది కాంతి కిరణం ఎన్నిసార్లు తెగిందో లెక్కపెడుతుంది, అంతే. కొత్త పెట్టెలో వేసిన ఏ ఎలుకైనా మొదటి నిమిషాల్లో తెగ తిరుగుతుంది, అలవాటు చేయకుండా కొలిస్తే ఆ కుతూహలమే అంకెలోకి వస్తుంది. డోసు బాగా పెరిగితే యాంఫెటమిన్ లాంటి మందులకు జంతువు ఒకేచోట నిలబడి తల ఊపుతూ వాసన చూస్తుంటుంది. మిషను కౌంటు తగ్గిందంటుంది, పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది అది నిద్ర కాదని. కెఫీన్ చిట్టెలుకల్లో 10, 30 మిల్లీగ్రాముల దగ్గర పరుగు పెంచి, 100 దగ్గరికి వచ్చేసరికి తగ్గిస్తుంది. రెండే డోసులు పెట్టుకుంటే ఈ వంపు మీకు కనబడదు. మూడు పెట్టండి. ఇంకో తిరకాసు: మార్ఫిన్ చిట్టెలుకలను పరుగెత్తిస్తుంది. కాబట్టి పరుగు పెరిగింది, నొప్పి తగ్గింది అనే రెండు ఫలితాలూ కలిసి వస్తే మీ దగ్గరున్నది ‘స్టిమ్యులెంట్ ప్లస్ అనాల్జెసిక్’ కాకపోవచ్చు, ఒకే ఓపియాయిడ్ గుణం రెండు మిషన్లలో కనబడటం కావచ్చు. నాలోక్సోన్ ఇచ్చి మళ్లీ చూడండి. రెండూ పోతే కథ వేరు. నాలోక్సోన్ ఎన్‌డీపీఎస్ మందు కాదు.

రైథింగ్ ఒక్కటే చేసి అనాల్జెసిక్ అనేవాళ్లను నేను లెక్కలోకి తీసుకోను. కండరాలు సడలించే మందులు, యాంటీహిస్టమిన్లు కూడా ఆ పరీక్షలో పాసవుతాయి. డబ్బు ఒక్క పరీక్షకే ఉంటే ఫార్మలిన్ చేయండి. మొదటి 5 నిమిషాలు నేరుగా పుట్టే నొప్పి, 15 నుంచి 30 నిమిషాల మధ్య వాపుతో వచ్చే నొప్పి. మందు ఏ దశలో పనిచేసిందో చూస్తే చాలా తెలుస్తుంది. వీడియో తీసి, గ్రూపు తెలియని మనిషితో లెక్కపెట్టించండి.

వెహికిల్ సంగతి చిన్నదే. డీఎంఎస్‌ఓకు తనకే నొప్పి తగ్గించే గుణం ఉంది, ఎక్స్‌ట్రాక్ట్‌లో ఆల్కహాల్ పూర్తిగా ఆరకపోతే అది మత్తు. కంట్రోల్ గ్రూపుకు నీళ్లు కాదు, అదే వెహికిల్, అదే పరిమాణంలో ఇవ్వాలి.

డోసు దగ్గర ఆగుదాం. ఓఈసీడీ 423 ప్రకారం మూడు ఆడ జంతువులకు కిలోకు 2000 మిల్లీగ్రాములిచ్చి 14 రోజులు చూస్తారు. చావలేదు కాబట్టి పదో వంతు 200, ఐదో వంతు 400 అని డోసులు పెట్టడం మన దగ్గర ఆచారంగా మారింది. ఆ 400కు అర్థమేమిటో ఒకసారి లెక్కేయండి. చిట్టెలుక డోసును 12.3తో భాగిస్తే మనిషికి సమానమైన డోసు: కిలోకు 32.5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి దాదాపు 1.95 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. మీ ఈల్డు 8 శాతమైతే దానికి 24 గ్రాముల ఎండు ఆకు కావాలి. ఊరి వైద్యుడు చిటికెడు పొడి ఇస్తున్నాడు, మీరు ఇరవై నాలుగు గ్రాముల దగ్గర ఎఫెక్ట్ చూపించి ‘సంప్రదాయ వాడకం రుజువైంది’ అంటున్నారు. ఈ లెక్క వైవాలో ఎవరైనా బోర్డు మీద వేస్తే తప్పించుకోవడం కష్టం. వైద్యుడు ఇచ్చే మోతాదును వెనక్కు లెక్కేసి, కనీసం ఒక డోసు దాని దగ్గర పెట్టండి.

ఆ వైద్యుడి గురించి కూడా ఒక మాట. కేరళ అగస్త్య కొండల్లో 1987లో పరిశోధకులతో నడిచిన కాణి గిరిజనులు ఒక కాయ తిని అలసట లేకుండా ఉన్నారు. అది ఆరోగ్యపచ్చ. ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ దాన్నించి జీవని అనే మందు చేసి 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. వచ్చిన ఫీజులో, రాయల్టీలో సగం కాణిలకు అన్నారు, 1997లో ట్రస్టు పెట్టారు. ప్రపంచమంతా మెచ్చుకున్న ఈ ఏర్పాటులో కూడా ఆకు ఎవరు కోయాలి, ఎక్కడ పెంచాలి, కాణిల్లో ఎవరి మాట చెల్లాలి అనే దగ్గర చిక్కులొచ్చాయి. మీ ప్రాజెక్టులో డబ్బు లేదు కాబట్టి చిక్కు లేదనుకోకండి. సమాచారం ఇచ్చిన వైద్యుడికి ఏం చేస్తున్నారో హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో చెప్పి, ఒప్పుకోలు రాయించుకుని, పేరు వేయమంటే కృతజ్ఞతల్లో వేయండి. వద్దంటే వద్దు.

అమెరికాలో ఉన్న క్లాస్‌మేట్ ల్యాబ్‌లో ఎల్‌సీ-ఎంఎస్ ఉచితంగా చేసిపెడతానంటే సంతోషమే, కానీ ఆకు పొడి కొరియర్ చేయకండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద విదేశీయులకే కాదు, ఎన్‌ఆర్‌ఐలకు కూడా మన జీవ వనరులు పరిశోధనకు ఇవ్వాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ ముందస్తు అనుమతి కావాలి. స్నేహం మధ్యవర్తిగా పనికి రాదు. పేటెంట్ వేద్దామని గైడ్ అంటే అదే చట్టంలోని ఆరో సెక్షన్, పేటెంట్ చట్టంలోని 3(పి) చూపించండి. ‘ఈ మొక్క నొప్పి తగ్గిస్తుంది’ అన్నది సంప్రదాయ జ్ఞానమే, దానికి పేటెంట్ రాదు. పసుపు మీద 1995లో అమెరికా ఇచ్చిన పేటెంటును సీఎస్‌ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది.

ఇక ఒత్తిడి. ‘ఆరో ఎలుకను తీసేస్తే సిగ్నిఫికెంట్ వస్తుంది’ అనే మాట ఎప్పుడో ఒకసారి మీ చెవిన పడుతుంది. ఎదురు వాదించి గెలవలేరు, గైడ్ సంతకం లేకుండా డిగ్రీ రాదు. కానీ ఏ జంతువును ఏ కారణంతో తీసేస్తామో పని మొదలుకాక ముందే ప్రొటోకాల్‌లో రాయించి, ఎథిక్స్ కమిటీ ఆమోదం పొందిన కాపీలో ఉండేలా చూసుకుంటే ఆ రోజు ‘సార్, అప్రూవ్డ్ ప్రొటోకాల్‌లో లేదు’ అనే ఒక్క మాట సరిపోతుంది. స్టాటిస్టిక్స్ కూడా అక్కడే ఖాయం చేయండి: నాలుగైదు గ్రూపులుంటే ఏనోవా, తర్వాత కంట్రోల్‌తో డనెట్. గ్రూపుకో టీ-టెస్టు వేసుకుంటూ పోతే ఏదో ఒకటి తప్పక వస్తుంది, అదే దాని లోపం. ఏమీ రాకపోతే? రోటారాడ్, వేడి రికార్డు, మూడు డోసులు ఉన్న నెగటివ్ థీసిస్‌తో డిగ్రీ వస్తుంది. హైదరాబాద్ సీఆర్‌ఓ ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది మీరు కంట్రోళ్లు ఎలా పెట్టారన్నది.

పేపర్ రివ్యూకు వెళ్లాక నెలలు గడుస్తాయి, ఈలోగా మీరు ఊరు మారి ఉంటారు. రివ్యూయర్ హెచ్‌పీటీఎల్‌సీ ఫింగర్‌ప్రింట్ అడిగితే అదే బ్యాచ్ కావాలి. మిగిలిన ఎక్స్‌ట్రాక్ట్‌ను మైనస్ 20లో పెట్టి, వౌచర్ నంబరు, సాల్వెంట్, తేదీ, ఈల్డు లేబుల్ మీద చెరగని ఇంకుతో రాయండి. ఫ్రీజరు తాళం ఎవరి దగ్గరుందో గైడ్‌కు మెయిల్‌లో తెలియజేసి, ఆ మెయిల్ కాపీ మీ సొంత ఐడీకి పెట్టుకోండి.